గోదావరి తేమలో పాత వాల్వు గిటారు యాంప్లిఫయర్: మరమ్మతు, బయాస్ డైరీ

జూన్ ఆఖరు వారం

బల్ల మీదికి వచ్చిన సెట్టు ఫెండర్ డీలక్స్ రివర్బ్, వాల్వులతో (గాజు బుడ్డి వాక్యూమ్ ట్యూబులతో) నడిచే అమెరికన్ గిటారు యాంప్లిఫయర్. ముందు ప్యానెల్ వెండి రంగు అల్యూమినియం రేకు కాబట్టి, ఫెండర్ సంస్థ 1965లో సీబీఎస్ అనే ప్రసార సంస్థ చేతికి వెళ్లిన తర్వాతి తరానిది. అయినా లోపలి సర్క్యూటు మాత్రం అంతకుముందు నల్ల ప్యానెల్ రోజుల్లో స్థిరపడిన ఏబీ763 అనే డిజైను వరసలోనే ఉన్నది. స్పీకరును నడిపే అవుట్‌పుట్ దశలో పుష్‌పుల్ పద్ధతిలో (తరంగంలో చెరో సగం మోస్తూ) రెండు 6వీ6జీటీ వాల్వులు, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్‌గా ఒక జీజెడ్34, మిగతా దశల్లో నాలుగు 12ఏఎక్స్7లు, రెండు 12ఏటీ7లు, 8 ఓమ్‌ల 12 అంగుళాల స్పీకరు ఒకటి. కొత్తగా ఉన్నప్పుడు 22 వాట్ల శక్తి ఇచ్చే సెట్టు ఇది.

నరసాపురంలో ఒక చర్చి బృందంలో గిటారు వాయించే మా పిన్నిగారి అబ్బాయికి, అమెరికా నుంచి తిరిగి వచ్చి స్థిరపడిన ఒక కుటుంబం దీనిని ఇచ్చింది. ఏళ్ల తరబడి సముద్రపు గాలి తగిలే గదిలో గోనెపట్టా కింద ఉన్నదట. "అన్నయ్యా, ఒక్కసారి ప్లగ్గు పెట్టి చూద్దామా?" అని అడిగాడు. అలా పెట్టి చూడకూడదని చెప్పాను. దశాబ్దాలుగా కరెంటు ఎక్కని ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లకు ఒక్కసారిగా 400 వోల్టులు ఇస్తే అవి పేలడమే కాక, షార్టయిన కండెన్సరు తనతోపాటు రెక్టిఫయరు వాల్వునూ పవర్ ట్రాన్స్‌ఫార్మరునూ తీసుకుపోతుంది. ఆ ట్రాన్స్‌ఫార్మరు మనకు దొరికేది కాదు.

ఛాసిస్ (భాగాలన్నీ బిగించిన రేకు చట్రం) విప్పి చూడగానే రెండు ప్రమాదాలు కనిపించాయి. ఎప్పుడో ఎవరో అసలు మెయిన్స్ త్రాడు కోసివేసి, ఎర్త్ లేని రెండు తీగల వైరు అతికించారు. ఫ్యూజు ఉండవలసిన చోట రాగి పోగు చుట్టారు. వెనుక ప్యానెల్‌పై ఉన్న గ్రౌండ్ స్విచ్చి నుంచి ఛాసిస్‌కు 0.047 మైక్రోఫారడ్ కండెన్సరు అలాగే ఉన్నది. మెయిన్స్ తీగకూ, గిటారు తీగలు చివరికి కలిసే ఛాసిస్‌కూ మధ్య ఉన్న అడ్డు ఆ ఒక్క కండెన్సరే. అది షార్టయిన రోజున, గిటారు పట్టుకుని ఎర్త్ అయిన మైకుకు పెదవి ఆనించి పాడే మనిషి ఒంట్లోనుంచి మెయిన్స్ కరెంటు వెళుతుంది. ఆ కండెన్సరును కత్తిరించి తీసివేశాను. మూడు తీగల త్రాడు వేసి, పచ్చ తీగను ట్రాన్స్‌ఫార్మరు బోల్టుకు కాకుండా విడిగా ఒక బోల్టుతో ఛాసిస్‌కు బిగించాను. ఫ్యూజు హోల్డరులో 2 ఆంపియర్ల స్లో-బ్లో ఫ్యూజు పెట్టాను.

జూలై మొదట్లో: కరెంటు సంగతి

ఈ సెట్టు అమెరికా ఇళ్లలోని 117 వోల్టులు, 60 హెర్ట్జ్‌ల కోసం చేసినది. మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌లు. వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు పెడితే సరిపోతుందని చాలామంది అక్కడితో ఆగిపోతారు. కానీ ఫ్రీక్వెన్సీని మార్చే ట్రాన్స్‌ఫార్మరు ఉండదు. ఇనుప కోరులో పుట్టే అయస్కాంత ప్రవాహం వోల్టేజిని ఫ్రీక్వెన్సీతో భాగించిన దామాషాలో ఉంటుంది కాబట్టి, 117 వోల్టులే 50 హెర్ట్జ్‌ల దగ్గర ఇస్తే కోరులో ప్రవాహం 20 శాతం పెరుగుతుంది. కోరు సంతృప్తి దగ్గరికి చేరి, ఏ పనీ చేయని సమయంలోనూ ట్రాన్స్‌ఫార్మరు కాగి, గుయ్యిమని మోగుతుంది.

ప్రవాహాన్ని పాత స్థాయిలోనే ఉంచాలంటే 97.5 వోల్టులే ఇవ్వాలి. అప్పుడు వాల్వుల లోపల కేథోడ్‌ను (ఎలక్ట్రాన్లను వెలువరించే భాగాన్ని) వేడి చేసే హీటర్లకు 6.3కు బదులు 5.25 వోల్టులే అందుతాయి. వాల్వు హీటరుకు పది శాతం హెచ్చుతగ్గుల వరకే అనుమతి ఉన్నది, అంటే 5.67కు దిగకూడదు. రెండింటికీ మధ్యేమార్గంగా 110 వోల్టులు ఎంచుకున్నాను. హీటర్లకు 5.92 వోల్టులు వస్తాయి, కోరులో ప్రవాహం 13 శాతమే ఎక్కువవుతుంది.

పాలకొల్లులో రొయ్యల చెరువుల ఏరియేటర్ మోటార్లు తిరిగి చుట్టే వైండింగ్ మేస్త్రిగారి చేత 300 వీఏ (వోల్ట్-ఆంపియర్ల) ట్రాన్స్‌ఫార్మరు చుట్టించాను. ఆటో ట్రాన్స్‌ఫార్మరు అయితే తీగ తక్కువ, ఖరీదు తక్కువ. కానీ అందులో మెయిన్స్‌కూ సెట్టుకూ మధ్య వేర్పాటు ఉండదు. అందుకని ప్రైమరీ, సెకండరీ విడివిడిగానే కావాలని అడిగాను. కోరు విషయంలో ఆయన నాకంటే ముందే ఆలోచించారు. "ఆయ్, పాట సెట్టంటే గంటలకొద్దీ ఆన్‌లో ఉంటాదండి. స్టాంపింగు ఒక సైజు పెద్దదే వేద్దామండి, చల్లగా ఉంటాదండి," అన్నారు. అలాగే చేశారు. దాని ప్రైమరీ వైపు 1 ఆంపియర్ ఫ్యూజు ఉన్నది.

జూలై: కండెన్సర్లు

ఛాసిస్ పైన రేకు మూత కింద డీసీని నునుపు చేసే ఫిల్టర్ కండెన్సర్లు అయిదు: ఒక్కొక్కటి 16 మైక్రోఫారడ్, 450 వోల్టులు. రెండింటి చివర మైనపు ముద్ర ఉబ్బి, కింద రేకు మీద గోధుమ రంగు జిగురు కారి గట్టిపడి ఉన్నది. వోల్టేజిని నెమ్మదిగా పెంచుతూ వాటిని మళ్లీ మేల్కొలిపే పద్ధతి ఉన్నది కానీ, యాభై ఏళ్ల ఎలక్ట్రోలిటిక్‌ను వారం వారం సభలో వాడే సెట్టులో ఉంచడం నాకు సమ్మతం కాదు. అయిదింటినీ తీసి, 22 మైక్రోఫారడ్, 500 వోల్టులవి వేశాను. మొదటి రెండు సమాంతరంగా ఉండి 44 మైక్రోఫారడ్ అవుతాయి. జీజెడ్34 మోయగల మొదటి కండెన్సరు హద్దు 60 మైక్రోఫారడ్ కాబట్టి ఇబ్బంది లేదు. హమ్ (స్పీకరులో గుయ్యిమనే మోత) తగ్గాలని ఇక్కడ 100 వేసేవాళ్లున్నారు. ఆన్ చేసిన ప్రతిసారీ ఆ కండెన్సరు నిండేటప్పుడు లాగే కరెంటును వాల్వు కేథోడ్ భరించవలసి వస్తుంది.

ఇవి పాలకొల్లు, భీమవరం దుకాణాల్లో దొరకలేదు. 450 వోల్టులని అడిగితే మోటారు కండెన్సర్లు తీసి చూపించారు. వాటికీ దీనికీ సంబంధం లేదు. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ నుంచి తెప్పించాను.

బయాస్ (అవుట్‌పుట్ వాల్వులలో కరెంటును అదుపు చేసే వోల్టేజి) సరఫరాకు చిన్న కండెన్సరు ఒకటి, 25 మైక్రోఫారడ్, 50 వోల్టులది, విడిగా ఉంటుంది. ఇక్కడ వోల్టేజి రుణాత్మకం కాబట్టి కండెన్సరు పాజిటివ్ కాలు ఛాసిస్‌కు వెళ్లాలి. చేతి అలవాటు మీద నెగటివ్ కాలును ఛాసిస్‌కు కలిపితే కండెన్సరు కొద్ది సేపట్లో చెడిపోయి, బయాస్ పోయి, అవుట్‌పుట్ వాల్వుల ప్లేట్లు (ఎలక్ట్రాన్లు చేరే లోహపు రేకులు) ఎర్రగా కాలుతాయి. 47 మైక్రోఫారడ్, 100 వోల్టులది వేసి, పక్కనున్న డయోడునూ మార్చాను.

అవుట్‌పుట్ వాల్వులలో ఒకదాని గాజు బుడ్డి పైభాగంలో వెండి అద్దంలా మెరవవలసిన పూత పాలలా తెల్లబడి ఉన్నది. అంటే లోపలికి గాలి చేరింది. దానికిక ప్రాణం లేదు. స్లొవేకియాలో తయారైన కొత్త 6వీ6 జత తెప్పించాను. జీజెడ్34, చిన్న వాల్వులు అన్నీ పనికి వస్తాయి.

జూలై చివర, ముసురు పట్టిన రోజుల్లో: బోర్డులో కరెంటు

ఈ పనిలో అత్యంత ఓపిక కోరినది, నాకు అత్యంత ముఖ్యమనిపించినది ఈ భాగం. గోదావరి జిల్లాల్లో పాత వాల్వు సెట్టు బాగుచేయదలచినవారు దీనిని శ్రద్ధగా చదవాలని కోరుతున్నాను.

అవుట్‌పుట్ వాల్వులు పెట్టకుండా, 230 వోల్టుల వైపు 60 వాట్ల సిరీస్ బల్బు కట్టి మొదటిసారి కరెంటు ఇచ్చాను. బల్బు ఒక క్షణం వెలిగి మందగించింది, అంటే ఎక్కడా షార్టు లేదు. బల్బు తీసేసి నేరుగా ఇచ్చాక, రెండు అవుట్‌పుట్ సాకెట్ల 5వ పిన్ను దగ్గర, అంటే వాల్వులోని కరెంటును అదుపు చేసే గ్రిడ్డు దగ్గర, బయాస్ చూశాను. రెండింటికీ ఒకే సరఫరా నుంచి చెరో 220 కె (కిలో ఓమ్‌ల) రెసిస్టరు ద్వారా వోల్టేజి అందుతుంది కాబట్టి రెండూ సమానంగా ఉండాలి. మొదటి దానిలో మైనస్ 38.2 వోల్టులు, రెండవ దానిలో మైనస్ 32.6 ఉన్నది. ఈ స్థితిలో వాల్వులు పెట్టి బయాస్ స్క్రూ తిప్పుతూ కూర్చుంటే, రెండవ వాల్వు ఎప్పటికీ మొదటి దానికంటే వేడిగానే నడుస్తుంది. పైగా ఆ తేడా వాల్వుల జత కుదరకపోవడం వల్లనే అనిపిస్తుంది.

5.6 వోల్టుల తేడా ఎక్కడినుంచి వస్తున్నది? మొదటి అనుమానం ఫేజ్ ఇన్వర్టరు (సిగ్నలును రెండు అవుట్‌పుట్ వాల్వులకూ ఎదురెదురుగా పంచే దశ) నుంచి వచ్చే, సిగ్నలును దాటించి డీసీని ఆపే 0.1 మైక్రోఫారడ్ కప్లింగ్ కండెన్సరు మీద. దాని అవతల కాలు మీద 220 వోల్టుల డీసీ ఉంటుంది, ఇవతల గ్రిడ్డు. ఇన్సులేషన్ 10 మెగోమ్‌లకు పడిపోయినా చాలు, 25 మైక్రో ఆంపియర్లు కారి, 220 కె రెసిస్టరు మీదుగా బయాస్‌లో అయిదున్నర వోల్టులు తినేస్తాయి. మామూలు మల్టీమీటరుతో ఓమ్‌ల మీద చూస్తే ఇలాంటి కండెన్సరు చాలాసార్లు మంచిదిగానే కనిపిస్తుంది, ఎందుకంటే మీటరు దాని మీద పెట్టే వోల్టేజి చాలా తక్కువ. పని వోల్టేజి మీదనే పరీక్షించాలి. గ్రిడ్డు వైపు కాలు ఊడదీశాను. బయాస్ మైనస్ 36.9కు ఎక్కింది. కొత్త కండెన్సరు వేసినా అంతే.

మిగిలిన 1.3 వోల్టులు మాత్రం ఇంకా పోతూనే ఉన్నాయి. గ్రిడ్డుకు ఇప్పుడు మరే భాగమూ కలిసి లేదు. రెసిస్టరు, సాకెట్టు, బోర్డు, ఇంతే. సాకెట్టు పిన్నుల మధ్య మసి గీతలు లేవు. మల్టీమీటరు నల్ల ప్రోబు ఛాసిస్‌కు కట్టి, ఎర్ర ప్రోబు మొనను ఏ భాగమూ లేని వట్టి బోర్డు మీద, రెండు రివెట్ల మధ్య గుచ్చాను. మీటరులో 3 వోల్టులు కనిపించాయి. హైటెన్షన్ (ఎక్కువ వోల్టేజి ఉన్న) రివెట్టు వైపు జరుపుతున్న కొద్దీ 5, 7, 11 అని పెరిగాయి. వట్టి అట్ట మీద కరెంటు నడుస్తున్నదన్నమాట.

ఈ సెట్లలో బోర్డు ఫైబర్‌గ్లాసు కాదు. మైనంలో నానబెట్టిన నల్లని ఫైబర్ అట్ట. ఏళ్లు గడిచేసరికి మైనం దుమ్మునూ ఫ్లక్సునూ పట్టుకుంటుంది, మైనం పలుచనైన చోట అట్ట తేమను తాగుతుంది. ఆషాఢ శ్రావణాల్లో మూత తీసిన డబ్బాలోని అప్పడానికి పట్టే గతే దీనికీ పడుతుంది. సముద్రపు గాలిలోని ఉప్పు తోడైతే ఆ తేమ కరెంటును మరింత బాగా మోస్తుంది. ఇది తేమే అని నిర్ధారించుకోవడానికి, వాన కురుస్తున్న సాయంత్రం కొలిచాను: నష్టం 1.3 నుంచి 2.4 వోల్టులకు పెరిగింది. హెయిర్ డ్రయ్యరుతో ఆ చోటును కాసేపు వేడి చేసి మళ్లీ కొలిస్తే 0.2కు దిగింది. ఇక సందేహం లేదు.

చికిత్స మూడు అంచెలుగా జరిగింది. ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పాత మైనం, ఫ్లక్సు, జిడ్డు పత్తి నల్లబడటం ఆగేదాకా తుడిచాను. తర్వాత ఛాసిస్‌ను 40 వాట్ల ఫిలమెంటు బల్బు వెలుగుతున్న చెక్కపెట్టెలో పైన సందు వదిలి ఉంచాను, తేమ బయటికి పోవాలి కాబట్టి. ఎండలో పెట్టడం తేలికే కానీ ఈ నెలలో ఎండను నమ్మలేము. చివరిగా, రెండు 220 కె రెసిస్టర్ల గ్రిడ్డు వైపు కాళ్లను బోర్డు రివెట్ల నుంచి పూర్తిగా విడదీసి, సిరామిక్ ట్యాగ్ పట్టీ మీద గాలిలో కలిపాను. గ్రిడ్డు తీగ ఇక ఎక్కడా అట్టను తాకదు. బోర్డు మీద వార్నిషు కొట్టమని సలహా ఇచ్చేవారున్నారు. అట్ట లోపల తేమ ఉండగా వార్నిషు కొడితే ఆ తేమ బయటికి పోయే దారి మూసుకుపోతుంది, కాబట్టి నేను కొట్టలేదు.

ఇప్పుడు రెండు సాకెట్ల దగ్గరా మైనస్ 38.2, మైనస్ 38.1. ముసురులోనూ కదలడం లేదు.

ఆగస్టు: బయాస్

కొత్త వాల్వులు పెట్టేముందు కరెంటు తీసి, ఫిల్టర్ కండెన్సర్లలోని ఛార్జిని 22 కె, 5 వాట్ల రెసిస్టరుతో దింపి, మీటరు సున్నా చూపాకనే చెయ్యి పెట్టాను. ప్లేటు వోల్టేజి 400 దగ్గర ఉంటుంది. కొలిచేటప్పుడు కూడా నల్ల ప్రోబును క్లిప్పుతో ఛాసిస్‌కు కట్టి, ఒక చేయి వెనుక పెట్టుకోవడం నా నియమం.

కరెంటు కొలవడానికి రెండు పద్ధతులూ వాడాను. కేథోడ్ పిన్ను, అంటే 8వది, ఛాసిస్‌కు కలిసే చోట 1 ఓమ్ రెసిస్టరు వేస్తే, దాని మీద ఎన్ని మిల్లీవోల్టులో అన్ని మిల్లీ ఆంపియర్లు. కానీ అందులో స్క్రీను (వాల్వులోని రెండవ గ్రిడ్డు) కరెంటు కూడా కలిసి ఉంటుంది. ప్లేటు కరెంటు ఒక్కటే కావాలంటే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు ప్రైమరీలో ఒక్కొక్క సగం నిరోధాన్ని కరెంటు లేనప్పుడు కొలిచి, తర్వాత నడుస్తున్నప్పుడు ఆ సగం మీద పడే వోల్టేజిని దానితో భాగించాలి. ఈ ట్రాన్స్‌ఫార్మరులో ఒక సగం 142 ఓమ్‌లు, రెండవది 158. ఈ తేడా లోపం కాదు. పైపొరలో చుట్టిన సగానికి చుట్టుకొలత ఎక్కువ, తీగ ఎక్కువ పడుతుంది.

6వీ6జీటీ ప్లేటు భరించగల వేడికి పాత పట్టికల్లో 12 వాట్ల అంకె, వేరే లెక్కింపు పద్ధతిలో 14 వాట్ల అంకె కనిపిస్తాయి. నేను 12నే తీసుకున్నాను. సిగ్నలు లేనప్పుడు అందులో 70 శాతం, అంటే 8.4 వాట్లు లక్ష్యం. డిమ్మర్‌స్టాట్‌తో (తిప్పి వోల్టేజి మార్చే ట్రాన్స్‌ఫార్మరుతో) మెయిన్స్‌ను సరిగ్గా 230 దగ్గర నిలిపి, ప్లేటు వోల్టేజి చూస్తే 396. 8.4ను 396తో భాగిస్తే 21.2 మిల్లీ ఆంపియర్లు. బయాస్ పాట్‌ను (తిప్పి సరిచేసే రెసిస్టరును) కొద్దికొద్దిగా తిప్పుతూ, ప్రతిసారీ ప్లేటు వోల్టేజి మళ్లీ చూస్తూ, వాల్వులు పూర్తిగా వేడెక్కేదాకా ఆగుతూ సరిచేశాను. మైనస్ 33 వోల్టుల దగ్గర కుదిరింది: 142 ఓమ్‌ల సగం మీద 2.90 వోల్టులు, అంటే 20.4 మిల్లీ ఆంపియర్లు. 158 ఓమ్‌ల సగం మీద 3.37 వోల్టులు, అంటే 21.3. వేడి 8.1, 8.4 వాట్లు. కేథోడ్ రెసిస్టర్ల మీద 21.6, 22.6 మిల్లీవోల్టులు చూపుతున్నాయి కాబట్టి స్క్రీను వాటా మిల్లీ ఆంపియరుకు కాస్త పైన. అంతా సవ్యంగానే ఉన్నది.

అయితే 230 అనేది కాగితం మీది అంకె. మా వైపు ప్లగ్గులో ఎంత ఉంటుందో చూడాలి. మధ్యాహ్నం 248 వరకు వెళుతుంది. రాత్రి చెరువుల్లో నీటిలోని ఆక్సిజన్ పడిపోయే వేళకు ఊరి చుట్టూ ఏరియేటర్లన్నీ తిరగడం మొదలుపెడతాయి, మా ఇంట్లో 206కు దిగుతుంది. ప్రార్థన కూడికలు, పందిళ్లు ఎక్కువగా జరిగేది రాత్రే. మరమ్మతు చేసేవారికి తీరిక దొరికేదీ తరచు రాత్రే.

అందుకని డిమ్మర్‌స్టాట్‌తో 205, 250 రెండు కొసలూ పరీక్షించాను. 250 దగ్గర ప్లేటు 430 వోల్టులకు, కరెంటు 24 మిల్లీ ఆంపియర్లకు ఎక్కింది; వేడి 10.3 వాట్లు. 12కు లోపలే ఉన్నది. 205 దగ్గర 353 వోల్టులు, 18 మిల్లీ ఆంపియర్లు, 6.4 వాట్లు. బయాస్ వోల్టేజి కూడా అదే ట్రాన్స్‌ఫార్మరు నుంచి వచ్చి ప్లేటు వోల్టేజితో పాటే పెరిగి తగ్గుతుంది కనుకనే పెరుగుదల ఇంతటితో ఆగింది. స్థిరత్వం కోసమని బయాస్‌కు మాత్రమే రెగ్యులేటరు పెడితే మెయిన్స్ పెరిగినప్పుడు ప్లేటు, స్క్రీను పెరుగుతాయి, బయాస్ పెరగదు, వాల్వు మరింత కాగుతుంది.

ఇక రాత్రి 205 వోల్టులు ఉన్నప్పుడు ఎవరైనా ఇదే 8.4 వాట్ల లెక్కతో బయాస్ పెట్టారనుకుందాం. 353 వోల్టుల దగ్గర అది 23.8 మిల్లీ ఆంపియర్లవుతుంది, పాట్ అంతదాకా తిప్పుతారు, లెక్క సరిపోయిందని మూత బిగిస్తారు. వోల్టేజి పెరిగినప్పుడు వేడి దాదాపు రెండున్నర ఘాతంలో పెరుగుతుంది కాబట్టి మరునాటి మధ్యాహ్నం 250 దగ్గర అదే సెట్టులో ఒక్కో వాల్వు వేడి 13.8 వాట్లు. ఎవరూ వాయించకపోయినా, స్టాండ్‌బై నుంచి తీసి సెట్టును ఆన్‌లో ఉంచినంతసేపూ వాల్వు హద్దు దాటి కాలుతూ ఉంటుంది. డెల్టా గ్రామాల్లో బయాస్ అంకె రాసేటప్పుడు దాని పక్కనే ఆ క్షణంలోని మెయిన్స్ వోల్టేజి రాయాలని నేను గట్టిగా చెబుతాను. ఈ సెట్టు ఛాసిస్ లోపలి గోడకు నేను అంటించిన చీటీలో "230 దగ్గర 20.4, 21.3" అని ఉన్నది.

తక్కువ వోల్టేజి కూడా వాల్వుకు మేలు చేయదు. 205 దగ్గర హీటర్లకు 5.28 వోల్టులే అందుతాయి, కేథోడ్ చాలినంత వేడెక్కదు, ఆ స్థితిలో గట్టిగా వాయిస్తే ఆయుష్షు తగ్గుతుంది. కాబట్టి స్టెబిలైజరు పెట్టుకోమన్నాను. అయితే ఫ్రిజ్‌కు వాడే రిలే రకం మెట్టు మారిన ప్రతిసారీ స్పీకరులో టక్కుమంటుంది, మోటారుతో నెమ్మదిగా సరిచేసే సర్వో రకం తీసుకోవాలి.

ఆగస్టు చివర

8 ఓమ్‌ల డమ్మీ లోడు మీద 1 కిలోహెర్ట్జ్ సిగ్నలు ఇచ్చి ఆసిలోస్కోపులో చూశాను. బయాస్ మైనస్ 38 దగ్గర, చిన్న సిగ్నలుకు తరంగం సున్నాను దాటే చోట స్పష్టమైన నొక్కు ఉన్నది. స్క్రూ తిప్పుతుంటే కరెంటు 15 మిల్లీ ఆంపియర్లు దాటేసరికి అది మాయమైంది. ఆ నొక్కు పోయిన చోటనే బయాస్ ఆపాలనేవారితో నేను ఏకీభవించను; గిటారు తీగ మెల్లగా ఆరిపోయే చివరి శబ్దం 20 దాటాకనే నిండుగా వినిపించింది. తరంగం తల చదును కాకముందు లోడు మీద 12.6 వోల్టులు, అంటే దాదాపు 20 వాట్లు. 110 వోల్టుల సరఫరాకు ఇది న్యాయమైన ఫలితం.

స్పీకరు కోను అంచున బూజు పట్టి ఉన్నది, పొడి కుంచెతో దులిపాను, చిరుగులు లేవు. వాల్వు సాకెట్ల పిన్నులు సూదితో బిగించాను. పాట్‌లలో క్లీనరు వేశాను.

సెప్టెంబరు

సెట్టు నరసాపురం వెళ్లింది. శ్రావణం తడి ఇంకా తగ్గని వాతావరణంలో కొన్ని వారాలు వాడాక అక్కడే మూత విప్పి కొలిచాను. మెయిన్స్ 226 ఉన్నప్పుడు 19.9, 20.9 మిల్లీ ఆంపియర్లు; వోల్టేజి తగ్గిన మేరకు తగ్గడమే తప్ప రెండింటి మధ్య దూరం దాదాపు మారలేదు. గ్రిడ్డుల దగ్గర బయాస్ రెండు వైపులా సమానమే. వాడనప్పుడు సెట్టును నేల మీద కాక ఎత్తైన బల్ల మీద, వెనుక గాలి ఆడేలా ఉంచమనీ, ముసురు రోజుల్లో వాయించకపోయినా వారానికి ఒకటి రెండు గంటలు ఆన్ చేసి ఉంచమనీ చెప్పాను. వాల్వుల వేడికి బోర్డు తనంతట తానే ఆరుతుంది.

రివర్బ్ (స్ప్రింగుల ట్యాంకుతో ప్రతిధ్వని ఇచ్చే భాగం) ఇంకా పలకడం లేదు. ట్యాంకు ఇన్‌పుట్ వైపు కాయిల్ నుంచి జాక్‌కు వచ్చే వెంట్రుకంత రాగి తీగ పచ్చబడి, జాయింటు దగ్గర తెగింది. తీగ కాయిల్ లోపల బాగుంటే అతకవచ్చు, లేకపోతే ట్యాంకే మార్చాలి. ట్రెమొలో (ధ్వనిని లయగా పెంచి తగ్గించే భాగం) వేగం మారుతున్నది కానీ లోతు తక్కువగా ఉన్నది. నియాన్ బల్బూ ఎల్‌డీఆరూ (వెలుతురును బట్టి నిరోధం మారే రెసిస్టరు) కలిపి ఉన్న నల్ల గొట్టంలో బల్బు మసకబారిందని అనుమానం. ఆ రెండూ దసరా తర్వాత చూస్తాను.